కళాశాల ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ల ఎంపిక: పరుగు వేగానికి ఎంత విలువ?

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ జట్లు ఏటా హైస్కూలు కుర్రాళ్లలోంచి కొత్త ఆటగాళ్లను వెతికి, స్కాలర్‌షిప్ ఇచ్చి చేర్చుకుంటాయి. రిక్రూటింగ్ అనే ఈ వేట లైన్‌బ్యాకర్ స్థానం దగ్గరికి వచ్చేసరికి కోచ్‌ల మధ్య తెగని వాదన మొదలవుతుంది. 40 గజాల పరుగులో గడియారం చూపించే అంకెను ఎంతవరకు నమ్మాలన్నదే ఆ వాదన. బంతి అందుకోవడానికి దూసుకుపోయే వైడ్ రిసీవర్‌కూ, అతణ్ణి వెంటాడే కార్నర్‌బ్యాక్‌కూ వేగమే బతుకుతెరువు, అందులో ఎవరికీ అనుమానం లేదు. ముందు వరుసలో ఒకరినొకరు ఢీకొనే భారీకాయులకు బలం కావాలి, అక్కడా పేచీ లేదు. లైన్‌బ్యాకర్ ఈ రెండు రకాల మనుషుల మధ్య నిలబడతాడు. ఇద్దరి పనీ కొంత కొంత చేస్తాడు. అందుకే అతని విషయంలో గడియారం ఇచ్చే తీర్పు ఎటూ తేలదు.

ఇన్నేళ్ల అనుభవం నుంచి తేలిన సంగతి ఇంత మాత్రం: ఈ స్థానంలో వేగం ప్రవేశార్హత, అంతే. లోపలికి వచ్చినవారిలో ఎవరు గొప్పవారో అది చెప్పలేదు. ఇంకో సంగతి చాలామంది గమనించనిది. ఆట కోరే వేగం కొన్ని విధాలుగా వృత్తి లీగు అయిన ఎన్.ఎఫ్.ఎల్.లో కంటే కళాశాల మైదానంలోనే ఎక్కువ.

స్థానం, దాని పని

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో పక్షానికి 11 మంది. రక్షణ పక్షంలో ముగ్గురో నలుగురో లైన్ మీద చేతులు నేలకానించి కూర్చుంటారు. వారి వెనుక నాలుగైదు గజాల దూరంలో మోకాళ్లు కాస్త వంచి నిలబడేవారు లైన్‌బ్యాకర్లు. ఇంకా వెనుక సేఫ్టీలు, అంచుల్లో కార్నర్‌బ్యాక్‌లు ఉంటారు. నలుగురు లైన్ ఆటగాళ్లు, ముగ్గురు లైన్‌బ్యాకర్లు ఉండే పాత అమరికలో ఆ ముగ్గురినీ మైక్, సామ్, విల్ అంటారు. మైక్ నడిమివాడు, అరిచి అందరినీ సర్దేవాడు. సామ్ ఎదుటి జట్టు బలంగా నిలబడిన వైపు ఉంటాడు. విల్ బలహీనమైన వైపు ఉంటాడు. అటు ఖాళీ ఎక్కువ కాబట్టి ముగ్గురిలో వేగం ఉన్నవాణ్ణి సాధారణంగా అక్కడ పెడతారు. ఇప్పుడు చాలా జట్లు సామ్‌ను తీసేసి అయిదో వెనుక వరుస ఆటగాణ్ణి దించుతున్నాయి. అంటే మైదానంలో మిగిలే లైన్‌బ్యాకర్లు ఇద్దరే, వారు కాయాల్సిన నేల మాత్రం తగ్గలేదు.

బంతి కదిలిన క్షణంలో లైన్‌బ్యాకర్ చూసేది బంతిని కాదు. ఎదుటి ముందువరుసలోని గార్డు ముందుకు వచ్చాడా, వెనక్కి తగ్గాడా, పక్కకు లాగాడా అన్నది చూస్తాడు. కబడ్డీలో కవర్‌లో నిలబడ్డవాడు రెయిడర్ భుజం ఎటు వాలిందో చూసి అడుగు వేసినట్టే ఇదీ. గార్డు వెనక్కి తగ్గితే పాస్ అని అర్థం, లైన్‌బ్యాకర్ తానూ వెనక్కి పోవాలి. ముందుకు వస్తే పరుగు, ఎదురెళ్లి సందు మూయాలి. ఈ చదువుకు దొరికేది అర సెకను లోపే.

ముగ్గురు లైన్ ఆటగాళ్లు, నలుగురు లైన్‌బ్యాకర్లు ఉండే మూడు-నాలుగు అమరికలో అంచున నిలబడి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికేవాణ్ణి కూడా లైన్‌బ్యాకర్ అనే అంటారు. అతని పని వేరు, అతనికి కావలసిన వేగం వేరు. ఈ వ్యాసం ప్రధానంగా లైన్ వెనుక నిలబడేవారి గురించే.

నలభై గజాలు

40 గజాలంటే 36.58 మీటర్లు. క్రికెట్ పిచ్ పొడవుకు రెండింతల కంటే నాలుగు గజాలు తక్కువ. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టును తీర్చిదిద్దిన కోచ్ పాల్ బ్రౌన్ ఈ దూరాన్ని వాడుకలోకి తెచ్చాడని చెబుతారు. పంట్ కొట్టిన, అంటే కాలితో దూరంగా తన్నిన బంతి సుమారు 40 గజాలు పోతుంది, అది కిందికి దిగేలోపు మనవాడు అక్కడికి చేరాలి అన్నది ఆయన లెక్క. ఒక ప్రత్యేక సందర్భం కోసం పుట్టిన కొలత మెల్లగా అన్ని స్థానాలకూ అంటుకుపోయింది. 1982లో ఎన్.ఎఫ్.ఎల్. జట్ల ఉమ్మడి పరీక్షా శిబిరం మొదలై, 1987లో ఇండియానాపొలిస్‌లో స్థిరపడ్డాక ఆ అంకె దేశమంతా చెప్పుకునే అంకె అయింది. 2024లో జేవియర్ వర్తీ అనే రిసీవర్ 4.21 సెకన్లతో అక్కడి రికార్డు తిరగరాశాడు. లైన్‌బ్యాకర్లకు 4.6 మంచి సమయం, 4.4 అరుదైన సమయం, 4.8 దాటితే కనుబొమలు ముడిపడతాయి.

అంకెలతో ఆటగాళ్లను ఎంచే పని వెనుక ఒక భారతీయుడి చెయ్యి కూడా ఉంది. 1960ల మొదట్లో డల్లాస్ కౌబాయ్స్ జట్టు కంప్యూటర్‌తో ఎంపిక చేయాలని సంకల్పించినప్పుడు ఆ గణాంక నమూనా తయారుచేసినవాడు సలామ్ ఖురేషీ. ఐ.బి.ఎమ్. అనుబంధ సంస్థలో పనిచేస్తున్న ఆయనకు అప్పటికి ఈ ఆటతో పరిచయం అంతంత మాత్రం. స్కౌట్‌లు ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతుంటే కంప్యూటర్‌కు ఏం పెట్టాలో తెలియక, ముందు ఆ మాటలనే సరిచేయాల్సి వచ్చింది. చివరికి మిగిలిన ముఖ్య లక్షణాల్లో చురుకుదనం, శరీరంపై అదుపు కలిపి ఒకటిగా ఉన్నాయి. మానసిక చురుకు, పోటీతత్వం, బలం, శీలం మిగతావి. ఆటతో పరిచయం లేనివాడు కట్టిన జాబితా అయినా, లైన్‌బ్యాకర్‌కు కావలసినవాటిని వరసగా రాయమంటే ఈనాటి కోచ్‌లు కూడా ఇంచుమించు ఇవే రాస్తారు.

గడియారం కొలిచేదేమిటి, వదిలేసేదేమిటి

పరీక్ష జరిగే తీరు చూస్తే దాని పరిమితి అర్థమవుతుంది. ఆటగాడు మూడు కాళ్ల మీద ఉన్నట్టు ఒక చెయ్యి నేలకానించి వంగుతాడు. సిద్ధమయ్యాక తనకు ఇష్టమైనప్పుడు కదులుతాడు. అతను కదిలాకే గడియారం మొదలవుతుంది. తర్వాత తిన్నగా, ఎవరూ అడ్డులేని నేలమీద, హెల్మెట్ గానీ భుజాల కవచం గానీ లేకుండా పరిగెత్తుతాడు.

ఒలింపిక్స్ వంద మీటర్లలో తుపాకీ పేలాక స్పందించడానికి పట్టిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది. ఇక్కడ అదీ లేదు. ఒక లైన్‌బ్యాకర్ వృత్తి మొత్తం స్పందన మీద నిలబడి ఉంటే, అతణ్ణి తూచే పరీక్షలో ముందుగా తీసేసింది స్పందననే. గార్డు కదలికను అర సెకను ఆలస్యంగా చదివినవాడు 4.5 సెకన్ల మనిషైనా ఆ ఆటలో 5.0 సెకన్ల మనిషే. పైగా మైదానంలో అతను నిటారుగా నిలబడి మొదలుపెడతాడు. మొదటి అడుగు తరచూ పక్కకు పడుతుంది, ఒక్కోసారి వెనక్కి పడుతుంది. దారిలో నూట నలభై కిలోల మనిషిని చేతులతో నెట్టుకుని పోవాలి.

దూరం సంగతీ అంతే. 4.5, 4.7 సెకన్ల ఆటగాళ్లిద్దరినీ పక్కపక్కన పరిగెత్తిస్తే 40 గజాల చివర ఇద్దరి మధ్య సుమారు రెండు గజాల ఎడం ఉంటుంది. మొదటి పది గజాల దగ్గర చూస్తే ఆ ఎడం సాధారణంగా ఒక అడుగు అటూ ఇటూ. లైన్‌బ్యాకర్ చేసే పరుగుల్లో ఎక్కువ భాగం అయిదు గజాల నుంచి పదిహేను గజాల లోపే ముగుస్తాయి. అందుకే తెలిసిన కోచ్‌లు నలభై గజాల అంకె కంటే మొదటి పది గజాల సమయాన్నీ, అయిదు గజాలు అటు, పది ఇటు, మళ్లీ అయిదు అటు తిరిగే షటిల్‌నూ, మూడు కోన్‌ల పరుగునూ ముందు చూస్తారు.

వెంటాడే కోణం విలువ ఇంకా ఎక్కువ. పరుగుతీసేవాణ్ణి పది గజాలు పక్కకు, పది గజాలు వెనక్కి ఉన్న చోట అందుకోవాలనుకోండి. ముందు పక్కకు పోయి, తర్వాత వెనక్కి తిరిగేవాడు 20 గజాలు పరిగెత్తాలి. అతను ఎక్కడికి చేరతాడో ముందే ఊహించి తిన్నగా ఆ చోటికి పోయేవాడికి 14 గజాలు చాలు. ఆదా అయిన ఆరు గజాలను ఏ శిక్షణా గడియారం మీద సంపాదించి పెట్టలేదు.

ఇక ఆ అంకెల్లో అబద్ధాల సంగతి. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్ ఎప్పుడూ ఆటగాడికి మేలే చేస్తుంది. మొదట్లో బొటనవేలు ఆలస్యంగా కదులుతుంది, చివర్లో గీత దాటకముందే ఆత్రపడుతుంది. అథ్లెటిక్స్‌లో చేతి సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంగా మార్చడానికి వంద మీటర్లకు 0.24 సెకన్లు కలిపే ఆనవాయితీ ఇందుకే ఉంది. ఎన్.ఎఫ్.ఎల్. శిబిరంలో కూడా ఆరంభం చేత్తోనే, ముగింపే కిరణంతో. హైస్కూలు కోచ్ చెప్పే సమయమైతే ప్రేమతో కొలిచినది. తండ్రి చెప్పేది ఇంకా కాస్త వేగంగా ఉంటుంది. ఆబర్న్ ఆటగాడు బో జాక్సన్ పేరు మీద ప్రచారంలో ఉన్న 4.12 సెకన్లు ఈ కోవలోదే. అతను అసాధారణ వేగగాడు, సందేహం లేదు. గడియారాన్ని మాత్రం సందేహించవచ్చు.

విశ్వవిద్యాలయాలు దీనికి కనుక్కున్న విరుగుడు అథ్లెటిక్స్ ఫలితాలు. రాష్ట్ర స్థాయి పోటీల్లో ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదైన 100, 200 మీటర్ల సమయాలు ఎవరూ దిద్దలేరు. తొంభై అయిదు కిలోల కుర్రాడు వంద మీటర్లు 11 సెకన్లకు దగ్గరగా పరిగెత్తాడంటే కోచ్ వెంటనే ఫోన్ అందుకుంటాడు. లాంగ్ జంప్, షాట్‌పుట్ దూరాలు కూడా చూస్తారు. క్షణంలో బలాన్ని బయటపెట్టే శక్తి అందులో తెలుస్తుంది.

కళాశాల మైదానం ఎందుకు వేగం అడుగుతుంది

మైదానం వెడల్పు అన్ని స్థాయిల్లోనూ ఒకటే, 160 అడుగులు. తేడా అంతా హ్యాష్ గీతల్లో ఉంది. ఆట ఆగినప్పుడు బంతి ఎంత అంచున ఉన్నా తిరిగి ఈ గీతల దగ్గరికి తెచ్చి పెడతారు. ఎన్.ఎఫ్.ఎల్.లో ఈ రెండు గీతల మధ్య 18 అడుగుల 6 అంగుళాలే, దాంతో బంతి ఎప్పుడూ ఇంచుమించు మధ్యలోనే ఉంటుంది. కళాశాలల్లో వాటి మధ్య 40 అడుగులు. ఒక గీత మీద బంతి ఉంటే దగ్గరి అంచుకు 60 అడుగులు, దూరపు అంచుకు 100 అడుగులు. అంటే 33 గజాలకు పైనే. ఎన్.ఎఫ్.ఎల్.లో ఇదే దూరం 30 గజాలలోపు.

ఈ తేడా వల్ల కళాశాల జట్లు తమ లైన్‌బ్యాకర్లను కుడి, ఎడమ అని కాకుండా వెడల్పు వైపు, ఇరుకు వైపు అని విడదీస్తాయి. వెడల్పు వైపు నిలబడేవాడు తెలివైనవాడైనా కాళ్లు లేకపోతే పనికిరాడు. బంతిని ఇరుకు గీత మీద పెట్టి, విశాలమైన వైపు విసిరి, ఒక్క లైన్‌బ్యాకర్‌ను ముప్పై గజాల మైదానంలో ఒంటరిని చేయడమే గత పాతికేళ్ల కళాశాల ఆట. రిచ్ రోడ్రిగెజ్, అర్బన్ మేయర్ వంటి కోచ్‌ల చేతుల్లో పెరిగిన స్ప్రెడ్ పద్ధతి అదే.

పరుగు-పాస్ ఎంపిక ఆటలు వచ్చాక లైన్‌బ్యాకర్ పరిస్థితి మరీ దుర్భరం. క్వార్టర్‌బ్యాక్ ఒక లైన్‌బ్యాకర్‌ను కళ్లతో పట్టుకుంటాడు. అతను ముందుకు వస్తే బంతిని అతని వెనక్కి విసురుతాడు. వెనక్కి పోతే పరుగుకు ఇస్తాడు. కళాశాల నిబంధనల్లో ముందువరుస ఆటగాళ్లు పాస్ వేళ మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు, ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక్క గజమే. అందువల్ల గార్డును చూసి ఆటను చదివే పాత విద్య కళాశాలలో సగం మోసపోతుంది. గార్డు పరుగు అంటాడు, బంతి గాల్లో ఉంటుంది. ఈ ఉచ్చులో తప్పు అడుగు పడక తప్పదు. పడ్డాక వెనక్కి తేగలిగేది వేగమే. అలాగని వేగం ఒక్కటే ఉన్నవాడు ఈ ఉచ్చులో ముందుగా పడతాడు, ఎందుకంటే తన కాళ్ల మీద ధీమాతో అందరికంటే ముందే కదిలిపోతాడు.

మయామి, అలబామా

వేగం కోసం స్థానాలనే మార్చే అలవాటుకు ప్రసిద్ధి తెచ్చింది 1980ల మయామి విశ్వవిద్యాలయం. అక్కడ 1984 నుంచి 1988 దాకా కోచ్‌గా ఉన్న జిమ్మీ జాన్సన్, హైస్కూల్లో సేఫ్టీగా ఆడినవాణ్ణి తెచ్చి బరువు పెంచి లైన్‌బ్యాకర్‌ను చేశాడు. లైన్‌బ్యాకర్‌ను ఇంకా పెంచి లైన్ అంచున కూర్చోబెట్టాడు. అలా ప్రతి స్థానంలోనూ ఎదుటివాడికంటే ఒక మెట్టు వేగం ఎక్కువ ఉన్నవాడే నిలిచాడు. ఓక్లహోమా జట్టు విష్‌బోన్ పద్ధతిలో అంచుల మీదుగా పరిగెత్తి అందరినీ చిత్తు చేస్తున్న రోజులవి. మయామి ఆ అంచులకు ముందే చేరేది. 1987 సీజన్ చివర ఆరెంజ్ బౌల్‌లో ఓక్లహోమాను 20–14తో ఓడించి జాతీయ విజేత అయింది. తర్వాత జాన్సన్ డల్లాస్ కౌబాయ్స్‌కు కూడా ఇదే పద్ధతి తీసుకుపోయాడు.

అలబామాది వ్యతిరేక దిశ నుంచి వచ్చిన కథ. కోచ్ నిక్ సేబన్ అక్కడ తన మొదటి జాతీయ టైటిళ్లు భారీ లైన్‌బ్యాకర్లతో గెలిచాడు. వారిలో డాంటా హైటవర్ 2012 ఎన్.ఎఫ్.ఎల్. శిబిరానికి సుమారు 120 కిలోల బరువుతో వచ్చి 4.68 సెకన్లలో పరిగెత్తాడు. ఆ బరువుకు అది భయం పుట్టించే వేగం. ఎదురుగా వచ్చి ఢీకొనే జట్ల మీద ఆ శరీరాలు అద్భుతంగా పనిచేశాయి. 2012 నవంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎమ్ క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ మాత్రం అలబామాను వాళ్ల ఊళ్లోనే 29–24తో ఓడించాడు. 2015 జనవరి 1న షుగర్ బౌల్‌లో ఒహాయో స్టేట్ 42–35తో గెలిచింది. ఆ రాత్రి ఎజికీల్ ఎలియట్ 230 గజాలు పరిగెత్తాడు, అందులో ఒక్క పరుగే 85 గజాలు. ఆ ఓటముల తర్వాత అలబామా ఎంపిక తీరు కళ్లెదుటే మారింది. లైన్‌బ్యాకర్లు తేలికపడ్డారు, పాస్ ఎక్కువగా వచ్చే మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) మైదానం వీడకుండా రిసీవర్లను కాయగలవారికి ప్రాధాన్యం వచ్చింది. ఈ మార్పు గురించి సేబన్ బహిరంగంగానే మాట్లాడాడు. దేశంలో ఎవరినైనా తెచ్చుకోగల జట్టే తన కొలత మార్చుకుంటే మిగతా జట్లు ఎటు పోతాయో ఊహించడం కష్టం కాదు.

అంకెలు తప్పినవారు

వేగవాదులకు ఇబ్బంది కలిగించే పేర్లు చాలా ఉన్నాయి. నోటర్ డామ్ ఆటగాడు మాంటి టెయో 2012లో లైన్‌బ్యాకర్‌గా ఏడు ఇంటర్‌సెప్షన్లు పట్టి, ఉత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు. మరుసటి ఫిబ్రవరిలో అతని 40 గజాల సమయం 4.82. ఏడు సార్లు బంతి ఉన్న చోటికి ముందే చేరినవాడు నెమ్మదైనవాడని గడియారం చెప్పింది. ఆ సీజన్ చివర అలబామా 42–14తో నోటర్ డామ్‌ను తొక్కేసిన ఆటలో మాత్రం టెయో చేజార్చిన టాకిళ్లు అందరికీ గుర్తున్నాయి. అంటే రెండు వర్గాలూ అతణ్ణే సాక్షిగా పిలుచుకోవచ్చు.

అయోవాకు చెందిన జోసీ జువెల్‌ను పెద్ద విశ్వవిద్యాలయాలు పట్టించుకోలేదు. అతని సమయం కూడా 4.82. 2017లో ఏకగ్రీవ ఆల్ అమెరికన్ అయ్యాడు. అరిజోనా ఆడించిన స్కూబీ రైట్ హైస్కూల్లో రెండు నక్షత్రాల రేటింగు తెచ్చుకున్నవాడు. ఆ రేటింగునే ఎగతాళిగా తన పేరులో కలుపుకున్నాడు. 2014లో బెడ్నరిక్, నాగుర్‌స్కి, లొంబార్డి అవార్డులు మూడూ అతనివే. తర్వాత ఎన్.ఎఫ్.ఎల్. శిబిరంలో 4.90 పరిగెత్తాడు, వృత్తి లీగులో నిలవలేదు. కళాశాలకు చాలిన వేగం అక్కడ చాలలేదు.

బోస్టన్ కాలేజీకి ఆడిన లూక్ కీక్లీ ఈ వాదనలో మధ్యస్థుడు. 2011లో ఒక్క సీజన్లో 191 టాకిళ్లు చేశాడు. చదవడంలో అతనికి సాటి లేదని పేరు వచ్చింది, దాంతో నెమ్మదైన మేధావి అన్న ముద్ర కూడా పడింది. తీరా శిబిరంలో 4.58 పరిగెత్తాడు, షటిల్ 4.12లో ముగించాడు. ముద్ర తప్పు. బాగా చదివేవాడు వేగంగా ఉండడన్న నమ్మకం కోచ్‌లలో ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, అది నష్టం చేసిన సందర్భాలు తక్కువేం కాదు.

అటు పక్క చూడండి. ఆబర్న్‌కు చెందిన ఓవెన్ పాపో హైస్కూల్లో అయిదు నక్షత్రాల కుర్రాడు. 2023లో 4.39 పరిగెత్తాడు. ఎన్.ఎఫ్.ఎల్. జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతణ్ణి అయిదో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. క్లెమ్సన్ ఆటగాడు ఐజయా సిమన్స్ 2019లో ఉత్తమ లైన్‌బ్యాకర్‌కు ఇచ్చే బట్‌కస్ అవార్డు గెలిచి, 2020లో 4.39 పరిగెత్తి, డ్రాఫ్ట్‌లో ఎనిమిదో స్థానంలో ఎంపికయ్యాడు. కళాశాలలో అతణ్ణి ఎక్కడైనా నిలబెట్టేవారు, ఎక్కడ నిలబెట్టినా వెలిగాడు. వృత్తి లీగులో ఒక స్థానం కుదరక, 2023లో ఏడో రౌండ్ ఎంపికకు బదులుగా వేరే జట్టుకు పోయాడు. సెంట్రల్ ఫ్లోరిడాకు చెందిన షాక్వెమ్ గ్రిఫిన్ పేరు వేగం కంటే ధైర్యానికి ఎక్కువ గుర్తు. చిన్నప్పుడే ఎడమ చెయ్యి తీసేసిన ఆ ఆటగాడు 2018లో 4.38 పరిగెత్తాడు. ఎలక్ట్రానిక్ లెక్కల కాలంలో లైన్‌బ్యాకర్లలో అంత వేగం ముందెవరికీ నమోదు కాలేదు. ఆ ఏడాది జనవరిలో పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను అతని జట్టు 34–27తో ఓడించినప్పుడు రక్షణ పక్షంలో ఉత్తముడు అతనే.

ఒక్క జట్టులోనే అన్నీ కనబడాలంటే 2021 జార్జియా చాలు. ఆటకు సగటున పది పాయింట్లు మాత్రమే ఇచ్చి జాతీయ విజేత అయిన ఆ రక్షణ పక్షంలో నకోబి డీన్, క్వే వాకర్, చానింగ్ టిండల్ అని ముగ్గురు లైన్‌బ్యాకర్లు. టిండల్ తర్వాత 4.47, వాకర్ 4.52 పరిగెత్తారు. అయిదడుగుల పదకొండు అంగుళాల డీన్ ముగ్గురిలో పొట్టివాడు, శిబిరంలో పరిగెత్తనే లేదు. బట్‌కస్ అవార్డు అతనికే వచ్చింది. ఎదుటి జట్టు అమరికను చూసి తన వాళ్లను సర్దింది అతనే, బంతి కదలకముందే సగం దారి నడిచింది అతనే. డ్రాఫ్ట్‌లో మాత్రం వాకర్ మొదటి రౌండ్లో పోయాడు, డీన్ మూడో రౌండ్ దాకా వేచి ఉన్నాడు. ఆ ముగ్గురిలో ఎవరూ నెమ్మదైనవారు కాదన్నది మరిచిపోకూడదు. జార్జియా వంటి జట్టు ముందు వేగం జల్లెడ పట్టి, తర్వాత బుద్ధిని వెతుక్కోగలదు.

పరిశోధన చెప్పేది

ఫ్రాంక్ కుజ్మిట్స్, ఆర్థర్ ఆడమ్స్ 2008లో ప్రచురించిన అధ్యయనం తరచూ ఉదహరింపబడుతుంది. ఎన్.ఎఫ్.ఎల్. శిబిరం పరీక్షలకూ తర్వాతి ప్రదర్శనకూ స్థిరమైన సంబంధం కనబడలేదనీ, రన్నింగ్ బ్యాక్‌ల పరుగు పరీక్షలు మాత్రమే మినహాయింపనీ అది తేల్చింది. వేగానికి విలువ లేదని వాదించేవారు దీన్ని పట్టుకొస్తారు. ఆ అధ్యయనం చూసింది క్వార్టర్‌బ్యాక్‌లను, రన్నింగ్ బ్యాక్‌లను, వైడ్ రిసీవర్లను. లైన్‌బ్యాకర్లు అందులో లేరు.

అంతకంటే లోతైన చిక్కు ఇంకొకటి. శిబిరానికి పిలుపు వచ్చేసరికే నెమ్మదైనవారు వడపోతలో పోయి ఉంటారు. మిగిలినవారంతా 4.4 నుంచి 4.9 మధ్యే. ఇంత ఇరుకు పరిధిలో వేగానికీ విజయానికీ సంబంధం కనబడకపోతే వేగం అక్కర్లేదని కాదు అర్థం, చాలినంత వేగం లేనివారు అక్కడ లేరని. పైగా 4.85 సెకన్లతో కూడా పిలుపు అందుకున్నవాడు వేరే ఏదో గుణంలో అసాధారణుడై ఉంటాడు. హైస్కూలు వేటలో పరిధి చాలా వెడల్పు, 4.5 నుంచి 5.2 దాకా కుర్రాళ్లు ఉంటారు. అక్కడ గడియారం నిజంగానే పనికివస్తుంది, ముఖ్యంగా వద్దనడానికి.

పదహారేళ్ల శరీరం, స్కాలర్‌షిప్ లెక్క

కళాశాల కోచ్ కొనేది నేటి ఆటగాణ్ణి కాదు, మూడేళ్ల తర్వాతి ఆటగాణ్ణి. తొంభై కిలోల కుర్రాడు చేరాక పది, పదిహేను కిలోలు పెరగాలి. ఆ బరువును అతని ఎముకలు మోయగలవా, మోశాక వేగం ఎంత మిగులుతుంది? భుజాల వెడల్పు, చేతుల పొడవు, ఒక్కోసారి తల్లిదండ్రుల ఎత్తు కూడా చూసేది ఇందుకే. బరువును వ్యాయామశాలలో చేర్చవచ్చు. ఆటను చదవడం కొంతవరకు నేర్పవచ్చు. అడుగు వేగం నేర్పితే వచ్చేది తక్కువ. వేగానికి రిక్రూటింగ్‌లో దాని అసలు విలువకంటే ఎక్కువ ధర పలకడానికి కారణం ఇదే. ఎల్.ఎస్.యు.కు రన్నింగ్ బ్యాక్‌గా వచ్చిన డెవిన్ వైట్ లైన్‌బ్యాకర్‌గా మారి 2018లో బట్‌కస్ అవార్డు గెలిచి, తర్వాత 4.42 పరిగెత్తాడు. ఫ్లోరిడా స్టేట్ సేఫ్టీగా తెచ్చుకున్న డెరిక్ బ్రూక్స్ లైన్‌బ్యాకర్‌గా హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్లాడు.

చిన్న జట్ల లెక్క వేరు. ఎత్తు, బరువు, వేగం, తెలివి నాలుగూ ఉన్న కుర్రాడు వారి దగ్గరికి రాడు. ఏదో ఒకటి వదులుకోవాలి. టి.సి.యు. కోచ్ గ్యారీ ప్యాటర్సన్ బరువు వదులుకున్నాడు. టెక్సాస్ హైస్కూళ్ల రన్నింగ్ బ్యాక్‌లను రక్షణ పక్షానికి మార్చి, ఇద్దరే లైన్‌బ్యాకర్లతో అయిదుగురు వెనుక వరుస ఆటగాళ్లను దించాడు. 2011 జనవరి రోజ్ బౌల్‌లో విస్కాన్సిన్ భారీ జట్టు ఆట చివర రెండు పాయింట్ల ప్రయత్నం చేసినప్పుడు, టి.సి.యు. లైన్‌బ్యాకర్ ట్యాంక్ కార్డర్ ముందుకు ఉరికి, దారి మూసుకుపోయిందని చూసి, ఆగి, ఎగిరి బంతిని కిందికి కొట్టాడు. 21–19తో ఆట అక్కడే తేలిపోయింది. ఆ ఒక్క ఆటలో అతను వేసిన అడుగులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అయోవా వంటి జట్టు వేగంలో పిసరంత వదులుకుని ఎత్తునూ బుద్ధినీ పట్టుకుంటుంది. 2022 బట్‌కస్ విజేత జాక్ క్యాంప్‌బెల్ ఆరడుగుల అయిదు అంగుళాల మనిషి, నూట పదమూడు కిలోలు, 4.65 సెకన్లు. యూటా స్టేట్‌కు దక్కిన బాబీ వాగ్నర్ మాత్రం పూర్తిగా అదృష్టం. హైస్కూలు వదిలేనాటికి అతని చేతిలో ఉన్న స్కాలర్‌షిప్ పిలుపు అదొక్కటే. 2012లో తన కళాశాల మైదానంలో 4.46 పరిగెత్తాడని చెప్పుకున్నారు. అంత వేగం అందరి కళ్లూ ఎలా తప్పించుకుందో, హైస్కూలు గడియారాల విశ్వసనీయత గురించి అదే చెబుతుంది.

ఇప్పటి పద్ధతి

భుజాల మధ్య ధరించే ఉపగ్రహ ఆధారిత పరికరాలు వచ్చాక కళాశాలలు 40 గజాల సమయం కంటే ఆటలో చేరిన గరిష్ఠ వేగాన్ని గంటకు మైళ్లలో చెప్పుకోవడం మొదలుపెట్టాయి. కవచాలు తొడిగి, ఎదుటివాణ్ణి చూస్తూ చేరిన వేగం అది. పెద్ద హైస్కూళ్లలో కూడా ఈ పరికరాలు కనబడుతున్నాయి. 2006లో నెబ్రాస్కాలో పుట్టిన హడల్ సంస్థ వల్ల ప్రతి కుర్రాడి ఆటల వీడియో కోచ్ బల్ల మీదికి వస్తోంది. దాన్ని చూసే కోచ్ ఆటగాడి కాళ్లను చూసేముందు, బంతి కదిలాక అతను ఎంతసేపు కదలకుండా ఉన్నాడో చూస్తాడు.

2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. 2021లో ఒకసారి జట్టు మారినా ఏడాది కూర్చోనక్కర్లేదన్న నిబంధన, అదే ఏడాది జూలైలో ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే హక్కు వచ్చాయి. దీంతో పెద్ద జట్టుకు పదహారేళ్ల శరీరాన్ని చూసి జోస్యం చెప్పే అవసరం తగ్గింది. తొంభై కిలోల సేఫ్టీని చిన్న జట్టు తెస్తుంది, పోషిస్తుంది, గార్డును చదవడం నేర్పుతుంది. నూట నాలుగు కిలోల లైన్‌బ్యాకర్ అయ్యాక, రెండు సీజన్ల వీడియోతో, ఆటలో కొలిచిన వేగంతో సహా అతణ్ణి పెద్ద జట్టు తీసుకుపోతుంది. చిన్న జట్టు కోచ్ మళ్లీ జూన్ నెల క్యాంపులో, గడ్డి మీద పది గజాల గీత దగ్గర, గడియారం పట్టుకుని నిలబడతాడు.